చీకటి పడేలోపు వచ్చేయండి

హైదరాబాద్ చూడ్డానికి వచ్చే మిత్రులు మమ్మల్ని మొదట అడిగేది బిర్యానీ ఎక్కడ బాగుంటుందని. రెండో ప్రశ్న కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. "పాతబస్తీకి వెళ్లొచ్చా భాయ్? ఆడవాళ్లు కూడా ఉన్నారు." వెళ్లమంటాం. వెళ్తారు. చార్మినార్ ముందు ఫోటో దిగి, నాలుగు జతల గాజులు కొనుక్కుని, బంధువులెవరో ఇచ్చిన సలహా ప్రకారం చీకటి పడేలోపు నయాపూల్ దాటేస్తారు. సాయంత్రం ఆరుదాకా చరిత్ర, ఆరు దాటితే భయం. నాలుగు వందల ఏళ్ల ఊరికి దక్కిన మర్యాద ఇది!

భయం ఉత్తినే పుట్టిందని మేం అనం. 1990 డిసెంబర్ అల్లర్లనాటికి మేం చిన్నపిల్లలం. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలకోసం పరిగెత్తిన జ్ఞాపకం ఇంకా ఉంది. చచ్చింది రెండువైపులా బీదాబిక్కీయే. కానీ ఆ భయం మా గల్లీలకు మాత్రమే అంటుకుని ఎందుకు మిగిలిపోయిందన్నదే మా ప్రశ్న.

మా మాట వింటే నయాపూల్ మీదుగా కాదు, పురానాపూల్ మీదుగా రండి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. ముందు వంతెన, తర్వాత ఊరు. ఈ ఇబ్రహీం యువకుడిగా ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. ఆ తర్వాత 1565లో అదే రామరాయల మీదికి కత్తి దూసిన సుల్తానుల్లోనూ ఉన్నాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. పొన్నిగంటి తెలగన్న యయాతి చరిత్రను, తొలి అచ్చతెలుగు కావ్యాన్ని, పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అయినా సభల్లో మేం నాలుగు మాటలు మాట్లాడి దిగగానే ఎవరో ఒకరు భుజం తట్టి, "మీ తెలుగు బాగుందే!" అంటారు. మెచ్చుకోలే, కాదనం. పొరుగింటివాడు మీ ఇంట్లోకొచ్చి మీ పొయ్యి బాగుందన్నట్టుంటుంది.

చార్మినార్ 1591 నాటిది. హిజ్రీ సహస్రాబ్ది వేళ కులీ కుతుబ్‌షా కట్టించాడు. పై అంతస్తులో మసీదుంది. గైడు మాత్రం భాగమతి ప్రేమకథే చెబుతాడు. షేర్వానీ లాంటి చరిత్రకారులు ఆ కథను నమ్మలేదు. మాకు కులీ దక్కనీ కవిత్వం ముఖ్యం. వసంతం మీదా, మిరుగం మీదా రాశాడాయన. మిరుగం అంటే మా తెలంగాణ రైతు విత్తనం చేతబట్టుకుని మబ్బుకేసి చూసే కార్తె. అరబ్బు ఎడారిలో ఆ మాట పుట్టదు.

చార్‌కమాన్ దాటి లాడ్‌బజార్‌లోకి వెళ్లాక గాజుల ధర బేరమాడే ముందు ఒక్కసారి వెనక గల్లీ తొంగిచూడండి. వేడి లక్క ముద్దను వేళ్లతో సాగదీసి, ఒక్కో రాయీ అతికించే మనుషులు కనిపిస్తారు. మేం నవాబుల మనవలం కాదు. దివాన్ దేవిడీ మాది కాదు, సాలార్‌జంగ్ మ్యూజియంలోని రెబెక్కా మాది కాదు. మా వాళ్లు లక్క సాగదీసినవాళ్లు, దూది ఏకినవాళ్లు, కటికపని చేసినవాళ్లు. నిజాం పేరెత్తగానే మా ముఖాల్లోకి చూసేవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పాలో!

గోల్కొండలో గైడు చప్పట్లు కొట్టి చూపిస్తాడు, రామదాసు చెరసాల చూపిస్తాడు. గోపన్న పన్నెండేళ్లు మగ్గాడని చెబుతుంటే జనం నిట్టూరుస్తారు. అదే కథలో రాముడు పైకం చెల్లించడానికి వచ్చి దర్శనమిచ్చింది తానీషాకేనన్న సంగతి గబగబా దాటేస్తాడు. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నలు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడింది. పడగొట్టింది ఔరంగజేబు. ముస్లిం రాజ్యాన్ని ముస్లిం చక్రవర్తి మింగాడు. మరి "ముస్లింల పాలన" అని ఒకే గంపలో వేసి అమ్మే చరిత్రలో ఈ కోట ఎక్కడ పెట్టాలి? తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. చనిపోయేదాకా అక్కడే. గోపన్న చెర ఏళ్లు లెక్కపెట్టిన గైడు ఈ చెర ఏళ్లు లెక్కపెట్టడు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లినప్పుడు గుర్తుంచుకోండి, ఆ వంశపు ఆఖరివాడి సమాధి అక్కడ లేదు. ఖుల్దాబాద్‌లో ఉంది. భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మాత్రం ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

కోఠీలో బస్సు దిగితే తుర్రెబాజ్‌ఖాన్‌ను తలచుకోండి. 1857 జూలై 17న రెసిడెన్సీ మీద దాడి నడిపించాడు. తోడున్న మౌల్వీ అలావుద్దీన్ అండమాన్ పాలయ్యాడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టుంది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో నూటయాభైమంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారు. ఎవరి మతమేమిటో చెట్టు అడగలేదు. నిజానికి ఊళ్లో మాకు బాగా నచ్చిన స్మారకం అదే.

గైడు చెప్పనిది ఇంకొకటుంది. 1948. రజాకార్ల దౌర్జన్యాలు దాచాల్సినవి కావు. వాళ్లను ఎదిరించి రాసిన ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆగస్టు 22న వాళ్లే చంపారు. ఆయన మా వృత్తివాడు, మావాడు. సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత మరట్వాడా, కన్నడ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదిక జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. అరవై అయిదేళ్లు! మా ఇళ్లలో ముసలమ్మలు "పోలీస్ ఆక్షన్" అని గుసగుసగా అన్నప్పుడు మేం కట్టుకథ అనుకున్నాం. ఊళ్లో ఇన్ని శిలాఫలకాలున్నాయి, వాళ్లకోసం ఒక్కటీ మేం చూడలేదు.

ఇక ఎప్పుడు రావాలన్నది. మిత్రులకు మేం చెప్పేది రంజాన్ నెల, అదీ చివరి పదిరోజులు. సాయంత్రం కాదు, రాత్రి పదింటికి బయల్దేరండి. బండి దూరంగా పెట్టి నడవండి. ఆడవాళ్లను తప్పకుండా తీసుకురండి, లాడ్‌బజార్‌లో ఆ వేళ సగంమంది వాళ్లే ఉంటారు, చంకలో పిల్లలతో సహా. బేరం మొదటి ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి. కాళ్లు లాగితే ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ చెప్పండి. సహరీదాకా ఎవరూ లేవమనరు.