డీజిల్ బండికి ఇంతికాల్

పాత కారు బేరం జరిగేచోట వినబడే మాటల్ని ఒకసారి గమనించండి. సౌదా, బయానా, దలాలీ, కిస్తీ, రసీదు, జామీను, మరమ్మతు. వీటిలో ఒక్కటీ కారుతో పాటు వచ్చిన మాట కాదు. అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణుంచి మా మైలవరం తెలుగులోకి ఎప్పుడో దిగిపోయినవి. బెజవాడ దారిలో మాకు తగిలే కొండపల్లి కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్న ఊరు, తర్వాత ఉత్తర సర్కారుల్లో ఒక సర్కారుకు అదే పేరు. 1766లో నిజాం ఆ సర్కారుల్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. హుకూమత్ మారింది గానీ బేరం భాష మారలేదు. బండి బాగుచేసే ‘మిస్త్రీ’ మాత్రం ఇంకా దూరం నుంచి వచ్చాడు, అది పోర్చుగీసు మాట.

ఈ మాటల్లో నాకు ముఖ్యమైంది ‘ఐబు’. అంటే లోపం. సరుకులో ఐబు దాచి అమ్మితే, అది బయటపడ్డాక సౌదా రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంటుందని మన ఫిఖహ్ చెబుతుంది. ఆ హక్కు పేరు ఖియారె ఐబ్. ధాన్యానికీ పశువులకీ పుట్టిన ఈ కాయిదా, పాత డీజిల్ కారుకి ఎంత సరిపోతుందో చూడండి. బండి మంచిదో చెడ్డదో తెలిసేది ఇంజను లోపల. అది అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఇదే సంగతి మీద వ్యాసం రాశాడు, మిసాల్‌గా తీసుకున్నది పాత కార్లనే. కొనేవాడు అనుమానంతో అన్ని బండ్లకీ ఒకే తక్కువ ధర కడతాడు, దాంతో మంచి బండి ఉన్నవాడు అమ్మకుండా తప్పుకుంటాడు, చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి అన్నాడు. 2001లో ఆయనకు దక్కిన నోబెల్‌కి పునాది ఆ వ్యాసమే.

మా వైపు ఈ చిక్కు అంబాసిడర్ కాలంలో బాగా ముదిరింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో ఆ కారు తయారీ మొదలుపెట్టింది. లైసెన్సు రాజ్యంలో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఇంతెజార్ చేయాలి. అందుకే పాత బండికి గిరాకీ ఎక్కువ, అడిగే ప్రశ్నలు తక్కువ. 1980 ప్రాంతంలో అందులో 1,489 సీసీ డీజిల్ ఇంజను వచ్చింది. పరుగు తక్కువ, చప్పుడు ఎక్కువ, ఖర్చు మాత్రం తక్కువ. నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం తోటలకీ నున్న మామిడి మార్కెట్‌కీ మధ్య వేసవంతా తిరిగేవాళ్లకు ఇంకేం కావాలి! ముందు సీట్లో నలుగురు, డిక్కీలో రసాల బుట్టలు, వెనక్కి వచ్చేటప్పుడు పెళ్లికి బాడుగ.

అట్లా తిరిగిన బండికి మీటరు సాక్ష్యం చెల్లదు. ఆ మీటరులో ఐదంకెలే, 99,999 దాటితే మళ్లీ సున్నా. కేబుల్ ఊడదీస్తే అసలు తిరగదు. కాబట్టి కొనేవాళ్లు మీటరును వదిలేసి మిస్త్రీని వెంటబెట్టుకుని వచ్చేవారు, అదీ తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించిన బండిని వాళ్లు నమ్మరు. నల్లపొగ వస్తే ఇంజెక్టర్లో పంపో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజనాయిల్ కాలుతోంది. వేడెక్కినా తెల్లపొగ ఆగకపోతే జేబు గట్టిగా పట్టుకోవాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అక్కణ్ణుంచి పొగ బుస్సున కొడితే పిస్టన్ రింగులు అరిగాయని తేల్చేవారు. పంపు సంగతి తేలకపోతే బెజవాడ ఆటోనగర్ దాకా వెళ్లాల్సిందే.

మా అబ్బా దగ్గర ఉన్నదీ అట్లాంటి డీజిల్ అంబాసిడరే. మూడు లక్షల కిలోమీటర్ల పైచిలుకు తిరిగింది. ఐదువేల కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్పించి, తేదీతో సహా నోటుబుక్కులో రాసేవారు. 2012లో లీటరు పెట్రోలుకీ డీజిలుకీ ముప్ఫై రూపాయలకు పైగా తేడా వచ్చినప్పుడు ఆ బండి మా ఇంటికి ఒక నేమత్. 2014 మేలో ఉత్తర్‌పారాలో తయారీ ఆగింది, అక్టోబరులో సర్కారు డీజిల్ ధరను బజారుకు వదిలేసింది. తేడా తగ్గుతూ వచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరువందల నుంచి ఐదువేలకు పెరిగింది. అబ్బా అదీ కట్టారు.

ఆయన ఇంతికాల్ తర్వాత అమ్మడం నా వంతైంది. వచ్చినవాళ్లలో సగంమంది ‘పదేళ్లు దాటిన డీజిల్‌ని రోడ్డెక్కనివ్వరంట కదా’ అని ధర కోసేవారే. ఆ ఆంక్ష 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతానికి పెట్టింది, మనకు కాదు. నేను నోటుబుక్కు ముందుపెట్టి ఐబులన్నీ చెప్పాను. రెండో గేరు ఒక్కోసారి జారుతుంది, ఎడమ తలుపు కింద తుప్పు ఉంది, స్టీరింగులో ఆట ఉంది. మా దలాల్ భాయికి కోపమొచ్చింది. ‘అడగనిదే ఎందుకు చెప్తావు సాబ్, ఒక్కో ఐబూ ఐదువేలు తింటుంది’ అన్నాడు. అతని మాట నిజమే, తిన్నాయి. కానీ సత్తుపల్లి నుంచి వచ్చిన ఆసామి ఆ నోటుబుక్కు మొత్తం తిరగేసి, వేరే మిస్త్రీని పిలవకుండానే బయానా ఇచ్చాడు. అకెర్లాఫ్ చెప్పిన అనుమానాన్ని ఆ రోజు తగ్గించింది మా అబ్బా చేతిరాత.

అయితే నమ్మకం కుదిరితే సౌదా అయిపోయినట్టు కాదు, కాగితం మిగిలి ఉంటుంది. మన పల్లెల్లో డబ్బూ తాళమూ చేతులు మారితే చాలనుకుంటారు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసు చూడండి. 2007లో అమ్మిన కారు చేతులు మారుతూ పోయింది, రిజిస్టరులో పేరు మాత్రం మొదటివాడిదే. 2009లో ప్రమాదం జరిగింది. రిజిస్టరులో పేరున్నవాడే చట్టం కంట్లో యజమాని, పరిహారానికి జవాబుదారీ అతనిదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. బండి మొహం చూసి ఏళ్లయినా సరే.

అందుకే ముందు ఫారం 31తో బండిని అబ్బా పేరు నుంచి నా పేరుకి మార్పించాను. తర్వాత అమ్మకానికి ఫారం 29, 30. సత్తుపల్లి ఒకప్పుడు మా రాష్ట్రమే, 2014 జూన్ 2 నుంచి పరాయి రాష్ట్రం, కాబట్టి నిరభ్యంతర పత్రం కోసం ఫారం 28 కూడా. తిరువూరు దాటి అటూ ఇటూ పిల్లనిచ్చుకునే మాకు ఆ సరిహద్దు కాగితాల్లోనే కనబడుతుంది. మీరు అమ్మేటప్పుడు మాత్రం కొన్నవాడి మీద వదిలేయకండి, అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలని 1988 మోటారు వాహనాల చట్టం యాభయ్యో సెక్షన్ చెబుతోంది.

ఇంతికాల్ అనే మాటకి మనం చావు అనే అర్థమే వాడతాం. అరబ్బీలో దాని అసలు అర్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడం. భూమి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మారడాన్ని పంజాబు రెవెన్యూ దఫ్తరాల్లో ఇప్పటికీ ఇంతికాల్ అనే రాస్తారు. మా బండి రికార్డులో ఆ రెండు అర్థాలూ కొన్ని వారాల తేడాలో పడ్డాయి. నోటుబుక్కు కూడా సత్తుపల్లి ఆసామికే ఇచ్చేశాను. రాయడానికి అందులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.