షుల్ట్సే అను ఇంటిపేరు: పుట్టుక, అర్థము, అరుదైన వ్రాత

చెన్నపట్టణమునందలి తెలుగువారి చరిత్ర వ్రాయబూనినవారికి తప్పక ఎదురగు పేరు ఒకటి కలదు. జర్మను దేశీయుడగు బెంజమిన్ షుల్ట్సే 1719లో తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వచ్చి, 1726లో చెన్నపట్టణము చేరి, అచ్చటి జనులతో మాటలాడుటకై తెలుగు నేర్చెను. 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణమొకటి రచించెను. 1732 నాటికి బైబిలును తెలుగు చేసెను. 1743లో స్వదేశమునకు మరలిపోయి, హాలే నగరమున తెలుగు అచ్చక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో చిన్న మతగ్రంథములను కొన్నిటిని ముద్రింపించెను. తెలుగులిపిలో అచ్చయిన తొలి పుస్తకము లివియే. చెన్నపట్టణమును గూర్చి తాను మొదట తెలుగున వ్రాసికొనిన ముప్పది సంభాషణలను ఇంగ్లీషులోనికి మార్చి 1750లో వెలువరించెను. ఆనాడు ఆ పట్టణమున తెలుగు ఎంతగా వాడుకలో నుండెనో తెలుపుటకు ఈ గ్రంథమే చాలిన సాక్ష్యము.

ఈయన చేసిన తెలుగుసేవను గూర్చి పెద్దలు పలువురు వ్రాసియున్నారు. ఈయన పేరును మనవారు షుల్జ్ అనియు, షుల్ట్జ్ అనియు పలువిధముల వ్రాయుచుందురు. కాని ఆ ఇంటిపేరునకు అర్థమేమి, అది యెట్లు పుట్టినది అని అడిగినవారు తక్కువ. ఇంటిపేరు కేవలము పిలుచుటకు పనికివచ్చు శబ్దము కాదు. ఒక కాలమునాటి భూమి, పన్ను, గ్రామపరిపాలన అందులో అణగియుండును. షుల్ట్సే అను పేరు అందులకు మంచి నిదర్శనము.

షుల్ట్సే అనునది షుల్ట్‌హైస్ అను పెద్దమాట కుదించుకొనిపోగా మిగిలిన రూపము. ప్రాచీన జర్మను భాషలో దీనిని స్కుల్ద్‌హైసో అనెడివారు. ఇందు రెండు పదములు కలవు. స్కుల్ద్ అనగా చెల్లింపవలసినది. హైసన్ అనగా ఆజ్ఞాపించుట. కాగా, చెల్లింపవలసినదానిని చెల్లింపుమని ఆజ్ఞాపించువాడు అని అర్థము. మనలో ఋణము అను మాట చేబదులునకును, పితృఋణమన్నప్పుడు కర్తవ్యమునకును చెల్లుచున్నది గదా. స్కుల్ద్ కూడ అట్లే అప్పు, బాధ్యత అను రెండర్థములలోను చెల్లెను. ఇంగ్లీషువారి షుడ్ అను క్రియయు ఈ కుదురునకు చెందినదే.

ఈ పదవి మిక్కిలి పాతది. ఇటలీలో స్థిరపడిన లంగోబార్దు జాతి రాజు రొతారి 643లో వెలువరించిన ధర్మశాసనముననే ఈ అధికారి కనబడును. అయితే ఇది పల్లెపల్లెకును వ్యాపించినది 12వ శతాబ్ది మొదలు 14వ శతాబ్ది వరకు జరిగిన తూర్పువలసల కాలమున. ఎల్బేనదికి తూర్పున అడవులు కొట్టి క్రొత్త గ్రామములు కట్టుటకై అచ్చటి ప్రభువులు ఒక్కొక్క కార్యకర్తను నియమించెడివారు. అతడు పడమటినుండి రైతులను తోడ్కొనివచ్చి, భూమి కొలిచి పంచి, గ్రామము నిలబెట్టెడివాడు. అందులకు ప్రతిఫలముగా ఆ గ్రామమునకు అతడే షుల్ట్సే యగుట పరిపాటి. అతనికి పన్నులేని భూమియు, గ్రామసభలో విధించు జరిమానాలలో తరచుగా మూడవవంతును దక్కెడివి. పదవి తండ్రినుండి కుమారునకు సంక్రమించెడిది. మిరాసీ హక్కును, మాన్యపుభూమిని ఎరిగిన మన పాఠకులకు ఈ ఏర్పాటు క్రొత్తగా తోపదు. బెంజమిన్ షుల్ట్సే 1689లో జన్మించిన సొన్నెన్‌బుర్గ్ అట్టి వలసభూమిలోనిదే. ఓడర్ నదికి తూర్పుననున్న ఆ యూరు నేడు పోలండులో స్లోన్స్క్ అను పేర నున్నది.

ఒక్క మూలమునుండి ఎన్ని కొమ్మలు పుట్టినవో చూడుడు. దక్షిణ జర్మనీలో షుల్ట్‌హైస్, షుల్టెస్ అను రూపములు నిలిచినవి. వాయవ్యమున వెస్ట్‌ఫేలియాలో షుల్టె అయినది. తూర్పున షుల్ట్స్, షుల్ట్సే అయినవి. డచ్చివారు స్ఖౌట్ అనిరి. పోలండువారు సోల్టిస్ అనిరి. నేటికిని ఆ దేశమున గ్రామపెద్దకు అదియే పేరు. విద్వాంసులైన కొందరు తమ పేరును లాటినులోనికి మార్చుకొని స్కుల్టేటుస్ అనియు, ప్రేటోరియుస్ అనియు చెప్పుకొనిరి. సంగీతకర్తగా ప్రసిద్ధుడైన మిఖాయెల్ ప్రేటోరియుస్ ఇట్టి వంశమువాడే.

ఇక ఈ పేరు అరుదైనదా అను ప్రశ్న. గ్రామమునకొక షుల్ట్సే యుండెను గనుక, వేలకొలది గ్రామములలో ఈ ఇంటిపేరు వేర్వేరుగా పుట్టినది. ఈ పేరుగలవారందరు ఒక్క వంశమువారు కారు. పిల్లికూతయంత పరిచయమైన ఈ పేరు పలుకుబడిలో ఏమాత్రమును అరుదు కాదు. షుల్ట్స్ అను రూపము జర్మనీలో మిక్కిలి ఎక్కువగా వినబడు పది ఇంటిపేర్లలో నొకటి. అరుదైనది మన బెంజమిన్ వ్రాసికొనిన వర్ణక్రమము. జర్మను లిపిలో జెడ్ అక్షరము ఒక్కటియే ‘ట్స్’ అని పలుకును. దానికి ముందు టి అక్షరము అనవసరము. అయినను 16, 17, 18 శతాబ్దులలోని వ్రాతగాండ్రు అలవాటుగా దానిని చేర్చెడివారు. కట్టె, ఉప్పు అను అర్థములుగల హోల్ట్స్, జాల్ట్స్ అను మాటలను కూడ టి చేర్చియే వ్రాసిరి. తరువాత సామాన్యపదములనుండి ఆ అక్షరము తొలగినది. ఇంటిపేర్లలో మాత్రము కొన్నింట మిగిలినది.

ఆ కాలమున ఇంటిపేరునకు స్థిరమైన వ్రాత లేదు. మన బెంజమిన్ రచించిన హిందుస్థానీ వ్యాకరణము 1745లో హాలేలో అచ్చుపడినప్పుడు, దాని లాటిను శీర్షికలో ఆయన పేరు టి లేకుండనే ముద్రితమైనది. 1876 జనవరి 1 నుండి జర్మను సామ్రాజ్యమంతటను జననము, వివాహము, మరణము ప్రభుత్వపు పట్టీలలో నమోదు కాజొచ్చెను. నాటినుండి పట్టీలోనున్న వ్రాతయే కుటుంబమునకు శాశ్వతమైనది. టి అక్షరమును, చివరి ఇ అక్షరమును రెండింటిని నిలుపుకొనిన కుటుంబములు కొద్ది. కావున షుల్ట్సే అను రూపముయొక్క అరుదుతనము వంశమున లేదు, గుమాస్తా కలమున నున్నది.

పేరు మరీ సామాన్యమైనచో ఏమి చేయుదురో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. సహకార పరపతి సంఘముల స్థాపకులలో ఒకడైన హెర్మన్ షుల్ట్సే 1808లో డెలిట్ష్ అను ఊర జన్మించెను. 1848లో ప్రష్యా జాతీయసభకు ఎన్నికైనప్పుడు, అచ్చట ఆ పేరువారు మరికొందరుండుటచే, గుర్తుకొఱకు తన ఊరిపేరును చేర్చి షుల్ట్సే డెలిట్ష్ అయ్యెను. ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో మదరాసు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో ఈయన పద్ధతిని చర్చించెను. దక్షిణదేశపు సహకారోద్యమమునకు ఆ నివేదిక మూలాధారము.

ఊరిపేరును, పదవిపేరును ఇంటిపేరుగా ధరించుట మనకు కొత్తదా? కరణమువారు, దేశముఖులు, కులకర్ణులు మనలోను, మన ఇరుగుపొరుగు ప్రాంతములలోను కలరు. వంశపారంపర్య గ్రామోద్యోగములు తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దయినవి. పదవి పోయినను కరణము అను ఇంటిపేరు నిలిచినది, జర్మనీలో షుల్ట్సే నిలిచినట్లే.

ఇచ్చట నొక భేదము గమనింపదగినది. జర్మనీలో పట్టీ ఇంటిపేరును నిలిపినది. తమిళనాట పట్టీ మన ఇంటిపేరును తుడిచివేయుచున్నది. తండ్రిపేరులోని మొదటి అక్షరమును ముందుంచి పిల్లవాని పేరు వ్రాయుట ఈ ప్రాంతపు ఆచారము. అది తమిళులకు సహజమైనది; అందు దోషమేమియు లేదు. కాని తరములుగా ఆ ఆచారమున నడచిన తెలుగు కుటుంబములలో ఇంటిపేరు పెండ్లిమాటలయందు మాత్రమే వినబడుచున్నది. తరగతిలో పిల్లలను మీ ఇంటిపేరేమని నేను అడిగినప్పుడు, ఒక అక్షరము చెప్పి ఊరకుండువారు పలువురు. ఆ ఇంటిపేరు ఏ గోదావరి తీరపు గ్రామముదో, ఏ నెల్లూరు సీమ పల్లెదో కావచ్చును. అది మరుపున పడినచో, ఆ కుటుంబము ఎచ్చటినుండి వచ్చినదో చెప్పు సాక్ష్యము, ఆ యింటికి వేరొకటి లేనిచో, దానితోనే పోవును.

మనకు తొలి అచ్చుపుస్తకములనిచ్చినవాని ఇంటిపేరునకు పదమూడు వందల యేండ్లకు పైబడిన చరిత్రను ఒక్క మాట ఆధారముగా చెప్పగలుగుచున్నాము. మన ఇంటిపేర్లకును అట్టి చరిత్ర కలదు. సంఘమువారు ఊరూర పెద్దలను కలిసి, ఇంటిపేరు, గోత్రము, పూర్వులు విడిచివచ్చినట్లు చెప్పుకొను గ్రామము, ఈ మూడింటిని ఒక పట్టీలో వ్రాయించినచో మేలగును. చెప్పగల తాతలు, అవ్వలు ఉండగనే ఈ పని జరుగవలెను.