ఎండాకాలం చెరువు, వానాకాలం చేప

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ ప్రాంతానికి వస్తే హౌరా నుంచి కటక్ మీదుగా విశాఖపట్నం వైపు సాగే రైలు మార్గం కనిపిస్తుంది. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నదిపై 1900లో వంతెన పూర్తయ్యాక ఈ మార్గం హౌరాతో కలిసింది. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. మాదీ అలాంటి కుటుంబమే. అయితే ఈ పాఠం మనుషుల ప్రయాణం గురించి కాదు. ఇదే దారి వెంట నడిచిన చేప కథ గురించి.

ముందుగా ఎండాకాలం చెరువును చూద్దాం. మా చిన్నతనంలో వైశాఖం వచ్చేసరికి పూరీ గేట్ అవతలి చెరువుల్లో నీళ్ళు మోకాలి లోతుకు దిగేవి. అప్పుడు వల వేసేవారు. నాన్నగారు వర్క్‌షాపు సెలవు రోజున నన్ను తెల్లవారకముందే తీసుకువెళ్ళేవారు. ఆ వేళకు చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉండేవి. అవి దాహంతో ఉన్నాయనుకునేవాణ్ణి!

కారణం దాహం కాదు, ఊపిరి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర అది సుమారు ఏడున్నరకు పడిపోతుంది. పగలు నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా శ్వాసించి దాన్నే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. తక్కువ నీటిలో ఎక్కువ చేప చేరడం, ఆ చేప నీరసించి ఉండడం, ఈ రెండూ కలిసి వేసవి వేటను సులువు చేశాయి. పుస్తకం చదవని జాలరికి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

కానీ పట్టిన చేప స్థానంలో కొత్త చేప ఎక్కడినుంచి రావాలి? ఇక్కడే అసలు చిక్కు ఉంది. బెంగాలీలు కత్లా, రుయి, మృగాల్ అనే చేపలను మనం బొచ్చె, రోహు, మోసు అంటాం. ఇవి చెరువులో చక్కగా పెరుగుతాయి, కానీ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి తొలకరి వరద కావాలి, పారే నీరు కావాలి. కాబట్టి శతాబ్దాల పాటు చెరువుల యజమానులు నదిపైనే ఆధారపడ్డారు. వానాకాలంలో గంగ, హుగ్లీ నదుల ఒడ్డున సన్నని వలలతో చేపపిల్లలను పట్టి, మట్టి కుండల్లో పోసి హౌరా నుంచి రైళ్ళలో దూర ప్రాంతాలకు పంపేవారు. కుండ పక్కన కూర్చున్న మనిషి దారి పొడుగునా నీటిని చేత్తో కదిలిస్తూ ఉండాలి. చెయ్యి ఆగితే గాలి అందక పిల్లలు చస్తాయి. మట్టి కుండలు పోయి అల్యూమినియం బిందెలు వచ్చాక కూడా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారంపై ఆ చప్పుడు నేను విన్నాను.

నదిలో పట్టిన పిల్లల్లో మంచి జాతితో పాటు, దాన్ని తినేసే జాతి కూడా కలిసి ఉండేది. కొన్నవాడికి తన చెరువులో ఏం పెరుగుతుందో నెలల తర్వాత గానీ తెలిసేది కాదు.

దీనికి ఒక జవాబు ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ ప్రాంతంలోనే ఉంది. ఇక్కడా, పొరుగున ఉన్న బాంకురాలోనూ నేల ఎర్రగా, ఏటవాలుగా ఉంటుంది. పల్లపు చోట అడ్డుగట్టు వేసి, ఎండాకాలమంతా తల్లిచేపలను కాపాడి ఉంచుతారు. మొదటి పెద్ద వానకు మెరక మీది నీరు ఒక్కసారిగా దూసుకొస్తుంది. చేపలు దాన్ని నది వరదే అనుకుని గుడ్లు పెడతాయి. బెంగాల్ 'బాంధ్' పద్ధతి ఇదే. ఏ ప్రయోగశాలా నేర్పని పద్ధతి ఇది. లోపమల్లా, వాన రాకపోతే ఏమీ లేదు.

వాన కోసం ఎదురుచూడక్కరలేని మార్గం ఇదే రైలు దారిలో ఉన్న ఒడిశాలో దొరికింది. కటక్‌లో పనిచేస్తున్న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, కె.హెచ్. అలికున్హితో కలిసి 1957 జులై 10న అంగుల్‌లో కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. పద్ధతి వినడానికి చాలా సులువు. చేప మెదడు కింద ఆవగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. గుడ్లు విడుదల కావడానికి కావలసిన హార్మోన్లు దాని నుంచే వస్తాయి. వేరే చేపల తలల నుంచి ఆ గ్రంథులను తీసి, నూరి, నీటిలో కలిపి తల్లిచేపకు సూదిమందుగా ఇచ్చారు. సాధారణంగా రెండో సూది తర్వాత నాలుగు నుంచి ఆరు గంటల్లో చేప గుడ్లు పెడుతుంది. బ్రెజిల్‌లో 1930ల లోనే ఇతర చేపలపై ఈ మార్గం ఫలించింది. మన కార్ప్‌లు మాత్రం అప్పటిదాకా లొంగలేదు. 2001 నుంచి జులై 10ని మనదేశంలో జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొంటున్నాం.

కిలో బరువున్న తల్లి రోహు సుమారు 2 లక్షల గుడ్లు పెట్టగలదు. అంటే ఇక కొరత చేపపిల్లలది కాదు, చెరువులది. అన్ని చెరువులు ఎక్కడ తవ్వాలి? ఈ ప్రశ్న మనల్ని రైలు మార్గం రెండో చివరకు, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేటికి తీసుకుపోతుంది.

కొల్లేరు పళ్ళెం లాంటి మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దీన్ని నింపుతాయి. ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రానికి మోసుకుపోతుంది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా నీరుంటే సరస్సు విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 3 అడుగులకు దిగితే సుమారు 135. రెండు అడుగుల తేడాకు 173 చదరపు కిలోమీటర్ల నేల బయటపడుతుంది! కాగితం తీసుకుని మీరే లెక్క వేసి చూడండి, పళ్ళెం అని ఎందుకన్నానో తెలుస్తుంది.

లంక గ్రామాల జాలరులు తాటి దోనెల్లో తిరుగుతూ వెదురు మావులతో, వలలతో చేపలు పట్టేవారు. ఎండాకాలంలో మిగిలిన బురద నీటి మడుగుల్లో కొర్రమీను, మార్పు, ఇంగిలాయి దొరికేవి. ఇవి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగల చేపలు కాబట్టి, బొచ్చె చచ్చిపోయే నీటిలోనూ బతుకుతాయి. బయటపడ్డ నేలలో కొందరు వరి పండించేవారు. వానలు పడగానే ఆ నేల మళ్ళీ సరస్సు అయ్యేది. అంటే ఏడాదిలో కొన్ని నెలలు నేల, కొన్ని నెలలు నీరు. అది ఎవరిది అన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు.

1976లో ప్రభుత్వం జాలరులు, భూమిలేని పేదలు సభ్యులుగా సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. అయితే గట్టు కట్టిన చెరువుకు మేత, ఎరువు, మోటారు అన్నీ కావాలి. అంటే పెట్టుబడి కావాలి. క్రమంగా చాలా చెరువులు లీజు పేరుతో డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. గట్లు సరస్సును ముక్కలు చేసి వరద దారికి అడ్డుపడ్డాయి. ఇక్కడి బొచ్చె, రోహు మంచు మధ్య లారీలెక్కి హౌరా చేరాయి. బెంగాల్ బజార్లలో వాటికి 'చాలానీ మాఛ్' అని పేరు, అంటే దూరం నుంచి సరుకుగా వచ్చిన చేప. దాన్ని ఊరి చెరువు చేపకన్నా ఒక మెట్టు కిందే చూస్తారు. మా ఇంటికి ఇద్దరి చేపా వచ్చేది. ఎవరి పక్షం వహించాలో అమ్మకు ఎప్పుడూ తేలలేదు.

1999లో 5 అడుగుల కాంటూరు లోపలి కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది అంతర్జాతీయ రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాలతో 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టారు. సరస్సుకు నీరు పారే దారి కొంత తిరిగి దొరికింది. లీజుదారుల్లో స్తోమత ఉన్నవారు హద్దు బయట వరి పొలాలను చెరువులుగా మార్చుకోగలిగారు. సంఘంలో పేరు తప్ప మరేమీ లేని లంక గ్రామస్థుడికి అటు చెరువు పోయింది. ఇటు తాతలనాటి ఎండాకాలపు మడుగూ పాత రూపంలో మిగల్లేదు.