గండికోట గుడారాలు

మీలో కొందరు గండికోటలో ఒక రాత్రి గుడారంలో గడిపే ఉంటారు. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళ్లి, పెన్న లోయ దగ్గర డేరా అద్దెకు తీసుకొని, తెల్లవారుజామున కింది నీటి మీద వెలుగు పడటం చూసి తిరిగి వస్తారు. ఈ సరదా కొత్తది. గండికోటలో గుడారం మాత్రం కొత్తది కాదు. ఒకప్పుడు అది విశ్రాంతి స్థలం కాదు, ప్రభుత్వ కార్యాలయం. ఈ భాగంలో దానిని అలా చూద్దాం.

ఎర్రమల కొండలను పెన్న కోసుకొని పారిన చోటే గండి. దాని దక్షిణపు ఒడ్డున కోట ఉంది. 1123లో కాకరాజు దీనికి పునాది వేశాడని గండికోట కైఫియత్తు చెబుతుంది. కైఫియత్తులు 19వ శతాబ్దం తొలినాళ్లలో మెకంజీ సేకరింపజేసిన స్థానిక వృత్తాంతాలు. దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాన్ని శాసనంతో సమానంగా తీసుకోలేమని గమనించండి. విజయనగర కాలం నుంచి ఇక్కడ పెమ్మసాని నాయకులు పాలించారు. వారి నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను గెలుచుకున్నాడు.

1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. తన సరకును మీర్ జుమ్లాకు చూపడం అతని పని. నవాబు గుడారంలో నేల మీద కూర్చొని ఉన్నాడు. చెప్పులు లేవు. కాలివేళ్ల సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల మధ్య మరికొన్ని. ఒక్కొక్కటే తీసి, జవాబు చెప్పి రాయించి, చదివించుకొని, తానే ముద్ర వేసి కాలిబంట్లకూ గుర్రపు రౌతులకూ అందించేవాడు. నేరస్థులను తెస్తే తీర్పూ అక్కడే. కోట గోడల మధ్య కాదు, గుడ్డ గోడల మధ్య ఒక రాజ్యభాగం నడిచిందన్నమాట! దండు కదిలితే కచేరీ కూడా కదిలేది.

అయితే టావెర్నియర్‌ను ఎంతవరకు నమ్మాలి? తాను వచ్చేటప్పటికి కోట పట్టుబడి ఎనిమిది రోజులే అయిందని అతడు రాశాడు. చరిత్రకారులు సాధారణంగా ఆ ఘటనను 1650లో ఉంచుతారు. కళ్లతో చూసిన మనిషి కూడా విన్న తేదీ దగ్గర పొరబడవచ్చు. కాలివేళ్ల మధ్య కాగితాల సంగతి వేరు. అది చూసి రాసినది. అలా కల్పించడానికి అతనికి కారణమూ కనిపించదు. ఒకే గ్రంథంలోని రెండు వాక్యాలకు ఒకే విలువ ఉండదు.

కడప ప్రాంతం 1800లో దత్తమండలాలలో భాగంగా కంపెనీ చేతికి వచ్చింది. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎక్కువ కాలం గుడారాల్లోనే తిరుగుతూ భూముల కొలతలు, శిస్తు పనులు నడిపించాడు. రైతు ముందుకు ప్రభుత్వం నడిచి రావడం మంచిదే అనిపిస్తుంది. కాని దొర మకాం వేస్తే పాలు, కట్టెలు, గడ్డి, మోత మనుషులు ఊరి నుంచే రావాలి. ఆ పాలు తెచ్చినవారి మాట మన్రో ఉత్తరాల్లో వెతికితే దొరకదు. మీర్ జుమ్లా గుడారం బయట కట్టెలు కొట్టినవారి మాటా అంతే.

ఇక నేటి గుడారం. కోట కింద లోయలో నిలిచి కనిపించే నీరు పూర్తిగా ప్రకృతి ఇచ్చినది కాదు. దిగువన మైలవరం ఆనకట్ట ఉంది. ఎగువన గాలేరు-నగరి పథకంలో భాగంగా 26.85 టీఎంసీల సామర్థ్యంతో గండికోట జలాశయం కట్టారు. దానిలో నీటిమట్టం పెంచినప్పుడు, 2020లో, కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు వాసులు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. ఒక రాత్రి సరదాకు ఇల్లు వదిలి వచ్చినవారి డేరాలు ఒకవైపు, మళ్లీ తిరిగి వెళ్లడానికి ఇల్లే లేనివారు మరొకవైపు. ఈ రెండూ ఒకే నది కథలోవి.

మీరు గండికోటకు వెళితే మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం తప్పక చూడండి. వాటి గోడల పక్కన పొయ్యి వెలిగించకండి. మసి పట్టిన రాయి మీద చెక్కిన గీతలు చదవడం కష్టం. సాయంత్రం టీ కాచి ఇచ్చే మనిషి స్థానికుడైతే రెండు ప్రశ్నలు అడగండి: లోయలో నీరు ఇలా ఎప్పటి నుంచి నిలుస్తోంది, ముంపుకు ముందు ఎగువ ఊళ్లలో ఏ పంటలు పండేవి? చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి. ఏది ఆయన చూసింది, ఏది విన్నది అన్నది పక్కనే గుర్తు పెట్టండి. తేదీ వేయడం మరవకండి.