తొట్లకొండ నుంచి తెచ్చిన పెంకు ముక్క

మన బడిలో ఎక్స్‌కర్షన్ అంటే చాలా బ్యాచ్‌లకు తొట్లకొండే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన, మంగమారిపేట దగ్గర, 128 మీటర్ల ఎత్తున ఉందీ కొండ. పైనుంచి చూస్తే తీరమంతా కళ్లముందుంటుంది.

మేము తొమ్మిదో తరగతిలో వెళ్లేసరికి అక్కడ తవ్వకాలు జరుగుతున్నాయి. 1970లలో నౌకాదళం స్థావరం కోసం విమాన సర్వే చేయించినప్పుడు ఈ బౌద్ధ క్షేత్రం బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల ఒక్కొక్కటే వెలుగు చూశాయి. సుమారు క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం దాకా ఇక్కడ హీనయాన భిక్షువులు నివసించారు.

రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. వాన నీటిని వాటిలో నిలవచేసుకుని అంత ఎత్తున బతికారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఎదురుగా కనిపించే ఆ సముద్రం మీద ఎంత దూరపు వర్తకం సాగిందో వాటివల్ల తెలుస్తుంది.

"ఏదీ ముట్టుకోకండర్రా" అని సోషల్ మాస్టారు పదేపదే చెప్పారు. అయినా నేనొక పెంకు ముక్క జేబులో వేసుకున్నాను. ఇంట్లో వాళ్లకు చూపించి గొప్పలు పోయాను. తర్వాత అది ట్రంకు పెట్టెలో అడుగున పడిపోయింది.

కిందటేడు మా బ్యాచ్ మళ్లీ కొండెక్కింది. పైదాకా రోడ్డుంది కాబట్టి మాస్టారిని కారులోనే తీసుకెళ్లాం. మోకాళ్ల నొప్పులున్నా చేతికర్రతో స్తూపం దాకా నడిచారు. నేను ఆ ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడ తీశావురా?" అన్నారు.

చెప్పలేకపోయాను. గది దగ్గరో, వంటశాల పక్కనో, గుర్తులేదు.

"ఉన్నచోట ఉంటే ఏ కట్టడానికి పెంకు కప్పారో చెప్పేది. ఇప్పుడిది ఒట్టి పెంకేరా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది. దిగేటప్పుడు దాన్ని అక్కడి సిబ్బందికి అప్పగించాను.

2019 అక్టోబరు వర్షాలకు మహాస్తూపంలో కొంత భాగం కూలింది. తర్వాత బాగుచేశారు. ఇటుకలు పడితే మళ్లీ పేర్చవచ్చు. నేను తెచ్చిన ముక్కను దాని చోట పెట్టడం మాత్రం ఎవరివల్లా కాదు.

పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎండ ముదరకముందే వెళ్లండి, తాగే నీళ్లు పట్టుకెళ్లండి. ముందు తొట్లు చూపించండి. నడవగలిగిన పిల్లల్ని కొండ చుట్టూ తిప్పండి. దిగాక, ఆటుపోటు చూసుకుని, మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం కూడా చూపించండి. బస్సెక్కే ముందు మాత్రం జేబులు ఒకసారి తడిమి చూడండి. మాలాంటివాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు.