మూసీ పరీవాహక ప్రాంతం: చెరువుల గొలుసు నుండి జంట జలాశయాల వరకు

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా తూర్పుకు సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నది మూసీ. దీనికి ముచుకుందా నది అనే పేరు కూడా ఉంది. నగర చరిత్రల్లో మూసీ ప్రస్తావన సాధారణంగా 1908 సెప్టెంబరు 28 నాటి వరదతో మొదలై గండిపేట కట్టతో ముగుస్తుంది. ఈ రెండింటికీ మధ్య జరిగిన ఒక పరిశీలనకు దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు.

వరద నివారణోపాయాల కోసం నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన నగరంలోని నది గట్లను చూసి సరిపెట్టుకోలేదు. ఎగువ పరీవాహక ప్రాంతాన్నంతా లెక్కలోకి తీసుకున్నారు. 862 చదరపు మైళ్లలో 788 చెరువులు, అంటే దాదాపు మైలుకొక చెరువు, ఉన్నట్లు తేలింది. వాటిలో 221 వరదకు తెగిపోయాయి. ఆ తెగినవాటిలో 182 ఉపనది ఈసీ వైపువి కాగా, మూసీ వైపువి 39 మాత్రమే.

గొలుసుకట్టు చెరువుల తీరు తెలిసినవారికి ఈ అంకెల్లోని తీవ్రత వెంటనే బోధపడుతుంది. పై చెరువు నిండితే మిగులు నీరు మత్తడి దుంకి వాగు వెంట కింది చెరువుకు చేరుతుంది. మత్తడి చాలకపోయినా, కట్ట బలహీనపడినా, ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువుపై పడుతుంది. అదీ తెగితే దాని దిగువది. ఆ విధంగా నీటిని ఆపవలసిన గొలుసే వరదను పెంచింది. చెరువులుంటే చాలు వరద రాదన్న వాదన వినసొంపైనదే గాని, 1908 అనుభవం దానిని సమర్థించదు. ఏటా కట్ట మరమ్మతు, పూడికతీత జరిగి, మత్తడికి, వాగుకు అడ్డు లేనప్పుడే అవి రక్షణ.

విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. వీటి ప్రథమోద్దేశం వరద నియంత్రణ. అయితే నగరానికి తాగునీరు ఇవ్వడంతో మంచినీటి చెరువులుగానే జనస్మృతిలో నిలిచాయి. ఈ స్మృతి తరువాతి పరిణామాలను ప్రభావితం చేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. నగరం తాగునీటికి కృష్ణా, గోదావరి జలాలపై ఆధారపడుతున్నందున ఈ జలాశయాల అవసరం తగ్గిందన్న కారణంతో 2022లో ఆ ఆంక్షలను తొలగించారు. తాగునీటి లెక్కలో ఈ వాదానికి బలం ఉండవచ్చు. జలాశయాలు కట్టిన ఉద్దేశాన్ని బట్టి చూస్తే మాత్రం ఇది ప్రశ్నలో సగానికే సమాధానం.

మూసీ పునరుద్ధరణ చర్చలు నేడు ఎక్కువగా నగరంలోని ఒడ్డుల సుందరీకరణ చుట్టూ తిరుగుతున్నాయి. నగరపు మురుగు దిగువకు పారి, ఆ నీటితోనే వరి పండించవలసి వస్తున్న నల్లగొండ రైతుల గోడు అందులో అప్పుడప్పుడు వినిపిస్తుంది; ఎగువ వాగులు, చిన్న చెరువుల మాట అంతకన్నా అరుదు. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగింది. దిగువ బస్తీలు నీట మునిగాయి.