ఉన్ని పోయిన మంద

మా కురుమల్లో ఉన్ని కంకణం వాళ్లు, పత్తి కంకణం వాళ్లు అని రెండు శాఖలు. పెళ్లిలో ముంజేతికి కట్టే దారాన్ని బట్టి ఆ పేర్లు. మాది ఉన్ని కంకణం. సిద్దిపేట వైపు మా ఊళ్లో తాత మంద నిండా నల్ల గొర్రెలే, దక్కనీ జాతి. నా పీహెచ్‌డీ పని మాంసం ఉత్పత్తి వల్ల నేలకూ గాలికీ పడే భారాన్ని లెక్కగట్టడం. ఆ పట్టికల ముందు కూర్చున్నప్పుడల్లా తాత మందను ఎక్కడ రాయాలో తోచేది కాదు.

ఎందుకంటే ఆ మందకు మాంసం ఆఖరి రాబడి. ముందు ఉన్ని. ఏడాదికి రెండుసార్లు మగవాళ్లు కత్తిరిస్తే, ఆడవాళ్లు ఏకి వడికేవాళ్లు. చింతగింజలు నూరి ఉడికించిన గంజిని పడుగుకు పట్టించి, దువ్వి, ఎండబెట్టి మగ్గమెక్కించేవాళ్లు. కొత్త గొంగడి అట్టలా బిర్రుగా నిలబడేది ఆ గంజి వల్లే. కాపరికి వానలో అదే గొడుగు, రాత్రికి అదే పక్క.

తర్వాత ఎరువు. కోతలయ్యాక రైతులు పిలిచి మరీ తమ చెలకల్లో మందను పండబెట్టించుకునేవాళ్లు. రాత్రికింత అని జొన్నలో వడ్లో కొలిచి ఇచ్చేవాళ్లు. బండి కట్టి పెంట తోలే పని లేదు, పెంటికలతోపాటు మూత్రమూ నేరుగా నేలకే చేరేది. మేత చూడండి: కోసిన చేలల్లో కొయ్యకాళ్లు, చెరువు శిఖం గడ్డి, తుమ్మకాయ. మనుషులు తినే గింజలు ఆ మేతలో లేవు.

నెమరువేసే జీవం మీథేన్ వదులుతుంది, అది కాదనలేం. మన లాంటి దేశాల్లో గొర్రెకు ఏడాదికి 5 కిలోలని వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2006 మార్గదర్శకాలు లెక్క ఇచ్చాయి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో పశుసంపద వాటా 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2013లో చెప్పింది. అసలు చిక్కు ఆ భారాన్ని పంచడంలో ఉంది. మా శాస్త్రంలో ఒక జీవం నుంచి మాంసం, పాలు, ఉన్ని వస్తే భారాన్ని వాటన్నిటికీ పంచాలి. పంపకం బరువును బట్టో, ధరను బట్టో జరుగుతుంది. ఉన్నికి ధర లేని నాడు, ఎరువుకు చీటీ రాయని ఊళ్లో, భారమంతా మాంసం మీదే పడుతుంది. అప్పుడు తాత గొర్రె కాగితం మీద దోషిగా తేలుతుంది.

ఉన్నికి ధర ఎలా పోయింది? మిల్లు దుప్పట్లు చవగ్గా వచ్చాయి, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. కత్తిరించే కూలి కూడా గిట్టని రోజులొచ్చాయి. పట్నం వ్యాపారికి తూకం కావాలి, అందుకని మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లను దించారు. ఎత్తయిన, మంచి జాతే అది. కానీ దానికి ఒంటి మీద వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. రెండు మూడు ఈతలకే మంద రంగు మారింది, మగ్గం మూల పడింది.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ విలువ 1.25 లక్షలు, అందులో 75 శాతం సబ్సిడీ. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. 2019 పశుగణన నాటికి రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1.91 కోట్లు, దేశంలో మొదటి స్థానం. మా వాళ్ల చేతికి ఆస్తి వచ్చింది, అది నాకు సంతోషమే. అయితే ఈ నేలకు అలవాటుపడ్డ నల్ల గొర్రెకు ఆ పథకంలో ప్రత్యేకంగా చోటు దక్కలేదు.

ఇక ముందు ఏ పథకం వేసినా దక్కనీ పొట్టేళ్లను పెంచే కాపరికి విడిగా సాయం ఉండాలి. ఉన్నికి కత్తిరింపు కూలికి మించిన ధర కట్టాలి. మందను పండబెట్టించుకునే రైతుకు యూరియా సబ్సిడీలాగే ఎరువు సాయం ఇవ్వాలి. ఈ మూడూ చేయడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు.